మా తాతయ్య చూడని విమానం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎప్పటికీ తెగని గొడవ ఒకటుండేది. అది పొలం గట్టు గొడవ కాదు, అత్తాకోడళ్ళ గొడవా కాదు. ఒక విమానం గొడవ. యుద్ధం రోజుల్లో కర్లపాలెం పక్కన మా వాళ్ళు నాట్లు వేస్తుంటే, సముద్రం వైపు నుంచి ఒక యుద్ధ విమానం వచ్చి, తాటిచెట్టంత ఎత్తులో వాళ్ళ నెత్తి మీదుగా వెళ్ళిపోయిందట. అది చూడటానికి ఎలా ఉందన్నదే ఆ గొడవ. నేను పుట్టడానికి చాలా ఏళ్ళ ముందు సంగతి. అయినా మా ఇంట్లో నిన్న సాయంత్రం జరిగినట్టే మాట్లాడుకునేవాళ్ళు.

అప్పట్లో జపాను వాళ్ళు వచ్చి బాంబులు వేస్తారని కోస్తా అంతా పుకార్లు. విమానం చప్పుడు వినబడితే ఎక్కడివాళ్ళు అక్కడే బోర్లా పడుకోవాలని, తల ఎత్తకూడదని ఊళ్ళో దండోరా వేయించారట. మా వాళ్ళు బుద్ధిమంతులు. చప్పుడు వినబడగానే నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు, నారు కట్టలు మోస్తున్న మగవాళ్ళు, గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామీతో సహా అందరూ బురదలో బోర్లా పడ్డారు. చప్పుడు వెళ్ళిపోయాక లేచి, బురద కొట్టుకున్న మొహాలు చూసుకుని ముందు నవ్వారట, ఆ తర్వాత ఏడ్చారట.

వింత ఏమిటంటే, సాయంత్రానికల్లా ఆ విమానాన్ని చూడనివాళ్ళు ఊళ్ళో లేకుండా పోయారు. ఒకాయనకు దానికి రెండు తలలు కనబడ్డాయి. ఇంకొకాయనకు నోరు తెరుచుకుని పళ్ళు కనబడ్డాయి. మా నాయనమ్మకైతే ఎర్రటి ముక్కు, పొట్లకాయలా చారలు చారల పొట్ట కనబడ్డాయి. అంతమందిలో చూడలేదని చెప్పినవాడు మా తాతయ్య ఒక్కడే.

"అందరం మొహాలు బురదలో పెట్టాం గదే, నీకెక్కణ్ణుంచి కనపడింది?" అని ఆయన అడిగేవాడు.

"నువ్వు భయపడి పెట్టావయ్యా. నేను ఓరగా చూశాలే," అనేది నాయనమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

తాతయ్య నవ్వి ఊరుకునేవాడు గానీ ఆయనకు ఆ సంగతి లోపల గుచ్చుకుంటూనే ఉండేది. జీవితంలో అంత పెద్ద వింత ఒక్కటే తన మీదుగా వెళ్ళింది, దాన్ని చూడలేదు. ఆ తర్వాత పేపర్లో విమానం బొమ్మ పడితే చింపి దాచుకునేవాడట, ఇదేనేమోనని. అంతలో నీటికాసుల జబ్బు వచ్చి కళ్ళు పోయాయి. గుంటూరు తీసుకువెళితే ఆలస్యం చేశారని అక్కడి డాక్టర్లు మందలించారు. పొలం పని చేసే మనిషికి కళ్ళ ముందు మసక అంటే ఎండ వల్ల అనుకుంటాడు గానీ జబ్బని ఎందుకనుకుంటాడు? అలా ఆయన, నాయనమ్మ తెనాలిలో మా ఇంటికి వచ్చేశారు. మా నాన్న అక్కడ మిషన్ బడిలో టీచరు.

తాతయ్యను చెయ్యి పట్టుకుని నడిపించడం నా ఉద్యోగం. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో కాలవ గట్టు దాకా. ఆకాశంలో ఎక్కడో విమానం పోతుంటే మా అందరికంటే ముందు ఆయనకే వినబడేది. ఆగిపోయి, మొహం పైకెత్తి, "ఎలా ఉందమ్మలూ?" అని అడిగేవాడు. నేను వెతికి వెతికి, "చిన్న తెల్ల గీత తాతయ్యా," అనేదాన్ని. ఆయన ఇంకా ఏదో చెబుతానని కాసేపు అలాగే నిలబడేవాడు. నాకు చెప్పడానికి ఇంకేం కనబడేది కాదు. "నెత్తి మీంచి పోతే కళ్ళుండీ చూళ్ళేదు, ఇప్పుడు చూద్దామంటే కళ్ళు లేవు. భలే కుదిరింది," అని నడక మొదలుపెట్టేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా చెయ్యి కొంచెం గట్టిగా పట్టుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది.

మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, ఎయిర్ ఫోర్సులో మెకానిక్కు. ఎక్కడో ఉత్తరాన ఉద్యోగం. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు తాతయ్య దగ్గర కూర్చుని ఆ విమానం చప్పుడు ఎలా ఉందో, ఒకటే హోరా లేక కొట్టుకున్నట్టుందా అని, ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో, ఎంతసేపు వినబడిందో అన్నీ అడిగాడు. నాకు అప్పుడు అది ఉత్త కాలక్షేపం కబుర్లా అనిపించింది. ఆ మరుసటి వేసవికి వచ్చినప్పుడు ఆయన ట్రంకు పెట్టెలో బట్టల మధ్య ఒక అట్టపెట్టె ఉంది.

ఆ పెట్టె మీద బొమ్మను నేను ఈ రోజుకీ గీసి చూపించగలను, నాకు బొమ్మలు గీయడం రాకపోయినా సరే. మబ్బుల్లోంచి వాలుతున్న విమానం. వీపు దగ్గర కొంచెం గూని. రెక్కలు మందంగా, బలంగా ఉన్నాయి. ముక్కున తిరుగుతున్న ఫ్యాను. మా వీధిలో సైకిలు కంటే క్లిష్టమైన యంత్రం నేను దగ్గర నుంచి చూసింది లేదు. అలాంటిది ఆ విమానాన్ని మనమే తయారు చేస్తామని బాబాయి చెబితే నేను నమ్మలేదు. దాని పేరు హరికేన్ అని, హరికేన్ అంటే తుఫాను అని చెప్పాడు. ఆ రోజుల్లో మన తీరం మీద తిరిగినవాటి గురించి ఉద్యోగంలో తన పెద్దవాళ్ళను విచారించాడట. తాతయ్య చెప్పిన చప్పుడుని బట్టి ఇదే అయ్యుండాలని వాళ్ళన్నారట. ఖచ్చితంగా ఇదేనని మాత్రం ఎవరూ చెప్పలేరని కూడా అన్నాడు. తాతయ్యకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దని, అడిగితే నీకు ఆడుకునే బొమ్మ చేస్తున్నామని చెప్పమని నన్ను ఒప్పించాడు.

పెట్టె తెరిస్తే విమానం లేదు. ప్లాస్టిక్ చట్రాలు ఉన్నాయి. కొమ్మలకు కాయలు వేలాడినట్టు ఆ చట్రాలకు చిన్న చిన్న ముక్కలు అంటుకుని ఉన్నాయి. రెక్క పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి. ఒళ్ళు నిలువునా రెండు చీలికలు. చక్రాలు బఠాణీ గింజలంత. అన్నిటికంటే చిన్నది, మొదట నేను ఏమిటో పోల్చుకోలేనిది, మనిషి. కూర్చుని ఉన్నాడు. తల పెసరగింజంత. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఊపిరి విడిస్తే ఎగిరిపోతాడేమోనని భయమేసింది.

బాబాయి గడ్డం గీసుకునే బ్లేడుతో ఒక్కో ముక్కనూ కోసి, కోసిన చోట గరుకు కాగితంతో రుద్దేవాడు. తర్వాత అంటించాలి. తీరా చూస్తే పెట్టెలో వచ్చిన జిగురు ట్యూబు రైల్లో ఎండకు పగిలి, గట్టిపడి రాయైపోయింది. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఇది విన్న మా నాయనమ్మ, ఇంతోటి దానికి అంత దిగులెందుకని, మేము మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు మెత్తగా ఉడికిన అన్నం మెతుకులు తెచ్చి తోకను తనే అంటించింది. గాలిపటాలన్నీ అలాగే అంటిస్తాం కదా, ఇదీ గాలిలో ఎగిరేదే కదా అని ఆమె లెక్క. మేం లేచేసరికి తోక దగ్గర నుంచి గుమ్మం దాకా చీమల బారు. తోక ఊడి కిందపడి ఉంది. దాన్ని కూడా ఎత్తుకుపోదామని ఓ పది చీమలు గట్టిగానే ప్రయత్నం చేస్తున్నాయి. బాబాయికి కోపం రావాలా నవ్వు రావాలా తెలియలేదు. నాయనమ్మ మాత్రం, "ప్లాస్టిక్కు మంచిది కాదు, నా అన్నానికేం తక్కువలేదు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరకు బస్టాండు దగ్గర లారీలకు రంగులు వేసే షెడ్డు నుంచి బాబాయి చిన్న సీసాలో థిన్నరు తెచ్చాడు. ముక్కలు కోసేశాక మిగిలిన చట్రాన్ని తునకలు చేసి అందులో వేశాడు. ప్లాస్టిక్కు కరిగి చిక్కటి పాకమైంది. ఆ పాకాన్ని పుల్లతో రాసి రెండు ముక్కలు అదిమి పట్టుకుంటే, కాసేపటికి అతుకు వేసినట్టు కాకుండా పుట్టుకతోనే ఒకటైనట్టు కలిసిపోయేవి. దాని ఒంటి ప్లాస్టిక్కే కరిగి మళ్ళీ దాన్నే కలుపుతోందని ఆయన చెబితే, నాకు ఒళ్ళు జలదరించింది. అదిమి పట్టుకునే పని నాది. వేళ్ళు తిమ్మిరెక్కినా వదిలేదాన్ని కాదు. వసారాలో మంచం మీద నుంచి తాతయ్య, "ఏంట్రా ఇల్లంతా పెయింటు కంపు? పిల్లకి బొమ్మంటే లక్కపిడత కొనిస్తే పోలా?" అని కేకలేసేవాడు.

చక్రాల దగ్గరకొచ్చేసరికి బాబాయి ఆగిపోయాడు. ఈ విమానాన్ని రెండు రకాలుగా చేయవచ్చు. చక్రాలు కిందికి దించి పెడితే బల్ల మీద ఠీవిగా నిలబడుతుంది. పొట్టలోకి మడిచేస్తే నిలబడదు, పొట్ట మీద చతికిలబడుతుంది. నాకు నిలబడాలనే ఉంది. ఆయన కాసేపు ఆలోచించి, ఆ రోజు అది మన వాళ్ళ మీదుగా ఎగురుతూ వెళ్ళింది కదా, చక్రాలు లోపలే ఉంటాయి అని మడిచేశాడు. అంత బాగున్న చక్రాలు దాచేశాడని నేను అలిగాను. ఆ తర్వాత రంగులు కూడా వేయనన్నాడు. పెట్టె మీద ఆకుపచ్చ, మట్టి రంగు మరకలు ఎంత బాగున్నాయో! రెక్కల మీద అంటించే గుండ్రటి గుర్తులు కూడా విడిగా కాగితం మీద ఇచ్చారు. అవన్నీ అలాగే పక్కన పెట్టించాడు. ఒంటి మీద ఉన్న మేకుల బొడిపెలు, రేకుల అతుకుల గీతలు రంగు కింద పూడిపోతాయట. మనిషి మీద మూయాల్సిన అద్దం మూత కూడా అంటించలేదు. ఇంత కష్టపడి సగంలో ఆపేస్తున్నాడేమిటని నాకు ఒకటే ఉక్రోషం. "ఇది కళ్ళతో చూసేవాళ్ళ కోసం కాదమ్మా," అన్నాడు. అప్పుడు అర్థమై నోరు మూసుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి టిఫిన్ తిన్నాక, తాతయ్య వసారాలో మంచం మీద కూర్చున్నాడు. బాబాయి ఆయన ఎదురుగా చాప మీద కూర్చుని, రెండు చేతులూ చాపమన్నాడు. ఆ చేతుల్లో విమానాన్ని పెట్టాడు. ఇది ఫలానా అని ఏమీ చెప్పలేదు.

తాతయ్య మొదట నా బొమ్మే అనుకుని నవ్వుతూ తీసుకున్నాడు. అంతలో వేళ్ళు రెక్క అంచు వెంట జరిగాయి. నవ్వు ఆగిపోయింది. నారు కట్టలు మోసి మోసి కాయలు కాసిన వేళ్ళు అవి. అవి అంత మెత్తగా కదలగలవని నాకు తెలియదు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళాయి. గూని ఎక్కి దిగాయి. తోక దగ్గర ఆగాయి. మేకుల బొడిపెలను ఒక్కొక్కటిగా తాకుతుంటే పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనలో లాగే. వంటింట్లో నుంచి నాయనమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇదేనంట్రా?" అన్నాడు చివరకు.

"ఇదే అయ్యుంటుంది నాన్నా. మా పెద్దవాళ్ళు అలాగే అన్నారు."

"అసలుది ఎంతుంటుంది?"

"ఈ రెక్క నుంచి ఆ రెక్కకి నలభై అడుగులు. మన ఇల్లు మొత్తం దాని కింద పట్టుద్ది."

తాతయ్య వేళ్ళు ముక్కు దగ్గరకు వెళ్ళి ఫ్యానును తాకాయి. తిప్పి చూశాడు. "ఆ గాలి దీనిదన్నమాట. అది పోయినాక బురదనీళ్ళు మా వీపుల మీద జల్లుమన్నాయి. దేవుడు ఊదాడనుకున్నాను," అన్నాడు. దాని పేరు తుఫాను అని బాబాయి చెబితే, "తుఫాను పేరా! మనూళ్ళో పిల్లికి కూడా పెట్టరు గదరా ఆ పేరు!" అని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వుకు నేనూ నవ్వాను. ఇక అయిపోయింది, తాతయ్యకు కావలసింది దొరికింది అనుకున్నాను.

అప్పుడు ఆయన చూపుడువేలు అద్దం మూత లేని గుంటలోకి దిగింది. అక్కడ పెసరగింజంత తల తగిలింది. వేలు టక్కున వెనక్కి వచ్చింది, మళ్ళీ మెల్లగా వెళ్ళింది.

"ఇదేంటి?"

"మనిషి నాన్నా. నడిపేవాడు."

ఇంతకాలమూ ఆయన రెక్కల గురించి, తలల గురించి, పళ్ళ గురించి ఆలోచించాడు గానీ లోపల ఒక మనిషి ఉంటాడన్న ఊహే రాలేదట. ఒక్కడేనా అని అడిగాడు. ఒక్కడే, ఇరవై ఏళ్ళ కుర్రాడై ఉంటాడని, ఆ రోజుల్లో ఎక్కువమంది ఆ వయసు వాళ్ళేనని బాబాయి చెప్పాడు. తాతయ్య ఆ చిన్న తల మీద వేలు పెట్టి, పసిబిడ్డ మాడు మీద చెయ్యి ఉంచినట్టు, అలాగే ఉంచాడు.

"అయితే వీడు మమ్మల్ని చూసుంటాడా?"

"అంత కిందగా పోతే చూడకుండా ఎలా ఉంటాడు?"

"మా వీపులు చూసుంటాడు," అన్నాడు తాతయ్య. తర్వాత మాతో కాకుండా చేతిలోని మనిషితో మాట్లాడుతున్నట్టుగా చెప్పుకుంటూ పోయాడు. బాంబులేసేవాడైతే వేసేవాడే కదా. వెయ్యలేదంటే మనవైపు వాడే. అంత సముద్రం మీద ఒక్కడే తిరిగి తిరిగి, నేల కనబడేసరికి ప్రాణం లేచొచ్చి, మనుషుల్ని చూద్దామని కిందికి దిగుంటాడు. దిగి చూస్తే ఏముంది? పొలం నిండా జనం చచ్చినట్టు పడి ఉన్నారు. "ఒక్కరం తలెత్తి చెయ్యి ఊపితే వాడికెంత ధైర్యంగా ఉండేదో. ఒక్కరమన్నా ఎత్తలేదు గదరా."

ఆయన గుమ్మం వైపు మొహం తిప్పి, "ఏమే, ఇదేనా నువ్వు చూసింది?" అని అడిగాడు. చారలేవీ, ఎర్ర ముక్కేదీ అని నాయనమ్మ ఇప్పుడు దెబ్బలాటకు దిగుతుందని నేను కాచుకుని ఉన్నాను. ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుని విమానాన్ని చాలాసేపు చూసింది. "నాకేం తెలుసయ్యా, నేనూ బురదలోనేగా ఉన్నాను," అంది. మా ఇంట్లో ఆ గొడవ ఆ క్షణంతో తెగిపోయింది.

తర్వాత తాతయ్య నన్ను పిలిచి, గచ్చు మీద బోర్లా పడుకోమన్నాడు. ఆటే అనుకుని పడుకున్నాను. గచ్చు చల్లగా చెంపకు తగిలింది. ఆయన లేచి నిలబడ్డాడు. విమానాన్ని చేతిలో ఎత్తి పట్టుకున్నాడు. ముందు ఆయన గొంతులో నుంచి సన్నటి హోరు మొదలైంది. మేం పిల్లలం విమానం ఆట ఆడేటప్పుడు చేసే చప్పుడు కాదది. ఎక్కడో సముద్రం అవతల మొదలై, మీదికి, మీది మీదికి వచ్చే చప్పుడు. అన్నేళ్ళుగా చెవుల్లో దాచుకున్నది దాచుకున్నట్టు బయటకు తీశాడు. అది తాతయ్యే అని తెలిసినా ఒళ్ళు ముడుచుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని గచ్చును కరుచుకున్నాను.

"తలెత్తు అమ్మలూ," అన్నాడు హోరు మధ్యలో.

"భయంగా ఉంది తాతయ్యా!"

"ఉంటది. భయం పోయాక చూద్దామంటే అది వెళ్ళిపోద్ది. భయపడతానే ఎత్తు."

ఎత్తాను. రెక్కలు పరుచుకుని ఉన్న ఆ బూడిద రంగు పొట్ట నా మీదుగా వెళుతోంది. దాని పైన తాతయ్య చెయ్యి, ఆ పైన తాతయ్య మొహం. ఆయన చూపు ఎటూ లేదు. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఎందుకో తెలియదు, ఎవరూ చెప్పకుండానే చెయ్యెత్తి ఊపాను. వసారా అంతా ఒక్కసారి ఆకాశమంత అయిపోయినట్టు అనిపించింది. అంత పెద్దదాన్ని నేను ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు. నిజం విమానాలు చూశాను, ఎక్కాను కూడా. ఏదీ అంత పెద్దది కాదు.

"ఊపావా?" అని అడిగాడు.

"ఊపాను తాతయ్యా."

"అదీ," అన్నాడు, విమానంలోని మనిషి తరఫున.

ఆయన బతికినంతకాలం ఆ విమానం ఆయన తలగడ పక్కనే ఉంది. చూడటానికి వచ్చిన కర్లపాలెం వాళ్ళకు చేతికిచ్చి, లోపల మనిషున్నాడు చూడండి అని చూపించేవాడు. రెండు తలలు చూసినాయన కూడా ఒకసారి రేపల్లెలో కూతురింటికి వెళుతూ మధ్యలో దిగి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలల ఊసెత్తకుండా కాఫీ తాగి వెళ్ళాడు.

నేను ధైర్యవంతురాలిని కాలేదు. పెద్ద చప్పుడైతే ఇప్పటికీ ముందు తల వంచుకుంటాను. కాకపోతే వంచిన తలను అలాగే ఉంచను. కిందటేడు గుంటూరులో మా ఆయన పరీక్షల రిపోర్టులు తెచ్చుకుని ఒక డాక్టరు ఎదురుగా కూర్చున్నాను. డాక్టరు కాగితాలు తిరగేసి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడంలోనే నాకు సంగతి తెలిసిపోయింది. నా చూపు కింద గచ్చు పలకల మీదికి వెళ్ళిపోయింది. ఆ మాట నా మీదుగా వెళ్ళిపోయేదాకా ఇలాగే ఉండిపోదామనిపించింది. భయపడుతూనే తలెత్తాను. ఎదురుగా ఉన్నవాడు చాలా చిన్నవాడు, మా అబ్బాయి కంటే చిన్నవాడు. అవే కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగేస్తున్నాడు. నాకు ఎలా చెప్పాలో తెలియక, ఆ గదిలో ఒక్కడే నలిగిపోతున్నాడు.

"ఫర్వాలేదు బాబూ, చెప్పండి," అన్నాను.